బటన్ల ఫోనుకు వేరే పేజీ

కావలి రైల్వే స్టేషన్ నుంచి ట్రంకు రోడ్డు మీదికి వచ్చే దారిలో నాకొక దుకాణం ఉంది. బోర్డు మీద ‘ఇంటర్నెట్, జిరాక్సు, లామినేషన్, వెబ్‌సైట్లు’ అని రాసి ఉంటుంది. మొదటి మూడింటి కోసం జనం వస్తారు. నాలుగోది నా సంతోషం కోసం రాయించుకున్నాను. ఇంటర్ తప్పాక ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న విద్య అది. గురువు లేడు గనక తప్పు చేస్తే తిట్టేవాడు కూడా లేడు. ఆ లోటు మా ఆవిడ వాణి తీరుస్తూ ఉంటుంది.

వెబ్‌సైటంటే బ్రహ్మవిద్య అనుకోకండి. గుడ్డల కొట్టు లాంటిదే. మనం మెట్లెక్కుతుండగానే గుమస్తా మన చెప్పుల కేసి చూస్తాడు. ఆ చెప్పుల్ని బట్టి పట్టు తీయాలా, నూలు తీయాలా అని తేల్చుకుంటాడు. వెబ్‌సైటూ అంతే. మీ ఫోను తలుపు తట్టేటప్పుడే తన కంపెనీ ఏందో, తన రకం ఏందో చెప్పుకుంటుంది. నేను పెద్ద తెర ఫోనుని, నేను కంప్యూటర్ని, నేను బటన్ల ఫోనుని అని. దాన్ని బట్టి లోపల్నుంచి పేజీ తీసి చూపిస్తారు. ఒకే చిరునామాకి పోయిన ఇద్దరు మనుషులకి రెండు రకాల పేజీలు కనబడొచ్చు. పక్కవాడికి ఏం కనబడిందో మనకి తెలియదు. తెలుసుకోవాలని తోచదు కూడా.

బోగోలు అవతల సముద్రం ఒడ్డున ఒక పాలెం ఉంది. ఆ పాలెం మత్స్యకారుల సంఘానికి నేను అట్లాంటి వెబ్‌సైటొకటి చేసిచ్చాను. గాలి ఎంత, అల ఎంత, వేటకి పోవచ్చా పోకూడదా, అంతే అందులో ఉండేది. అంతకు ముందు వాళ్ళకి మైకు ఉండేది. ఒడ్డున సరుగుడు గుంజకి కట్టిన గొట్టం మైకు. తెల్లారుజామున బోట్లు దిగే ముందు సంఘం ప్రెసిడెంటు మాల్యాద్రి వాతావరణం వాళ్ళు చెప్పింది అందులో చదివేవాడు. వెబ్‌సైటు మొదలుపెట్టిన రోజు నాకు శాలువా కప్పారు. ఆ వేడికి ఒళ్ళు తెలియక, “ఇక మైకుతో పనేముంది మాల్యాద్రన్నా, అందరి చేతుల్లోనూ ఫోనుంది గదా!” అన్నాను. అందరూ నిజమే అన్నారు. మైకు దించేశారు.

వారం తిరక్కుండా గంగులయ్య నా దుకాణానికొచ్చాడు. యాభై దాటిన మనిషి. మెడలో తాడు, తాడుకి ప్లాస్టిక్ సంచి, సంచిలో బటన్ల ఫోను.

“సారూ, మీ బొమ్మల ఫోను మా ఇంట్లోనూ ఉండాది. మా ఆడోళ్ళు సినిమాలు చూసుకుంటారు. నీళ్ళలో నా చెయ్యి ఎప్పుడు ఆరాలా? తడి చేత్తో రుద్దితే అది పలకదు. దీనికైతే నొక్కితే చాలు.”

“దీంట్లో బొమ్మలు రావు గంగులయ్యా.”

“బొమ్మలెందుకు? సముద్రం బొమ్మ నాకు తెలీదా? నాలుగు ముక్కలు రాయి. ఆ నాలుగూ చదువుకుని తెప్ప దించుతా.”

చదువుకుని అన్నాడే గానీ, ఆయన పెద్దవాడయ్యాక రాత్రిబడిలో అక్షరాలు నేర్చుకున్నాడు. ఒక్కో అక్షరం మీదా వేలుపెట్టి, కూడబలుక్కుని, పదం తేలాక నవ్వేవాడు. గెలిచినట్టు.

బటన్ల ఫోన్లకి వేరే పేజీ పెట్టాను. పెద్ద ఫోన్ల పేజీకి సమాచారం దానంతటదే వచ్చి చేరేది. ఈ నాలుగు ముక్కల పేజీ మాత్రం రోజుకి రెండుసార్లు నేనే చేత్తో మార్చాలి. రెండు నెలలు మార్చాను. ఎవరెవరు ఏ ఫోన్నించి వచ్చారో, ఎవరికి ఏ పేజీ పోయిందో నా కంప్యూటర్లో పట్టీ పడుతుంది. బటన్ల ఫోన్ల వరసలో రోజూ ఒక్కటే ఉండేది. ఆ ఒక్కటీ గంగులయ్యదే. నాకు తెలుసు. తెలియదని చెప్పుకోవడానికి చాలా ప్రయత్నించాను గానీ, తెలుసు.

కార్తీక మాసంలో మా తోడల్లుడి కూతురి తలనీలాలకని పెంచలకోన పోయి మూడు రోజులున్నాం. పోయే ముందు ఆ పేజీలో ఇట్లా ఉంది.

గాలి తక్కువ. అల తక్కువ. వాన లేదు. పోవచ్చు.

తిరిగొచ్చాక మార్చుదాంలే అనుకున్నాను. వచ్చాక, ఒక్కడి కోసం రోజుకి రెండుసార్లు ఎవడు మారుస్తాడు, పక్కవాళ్ళు చెప్తారులే అనుకున్నాను. పన్నెండు రోజులు అట్లాగే ఉంది.

పదమూడో రోజు వాయుగుండం. పెద్ద ఫోన్లన్నిటికీ పోకూడదని ఎర్రటి పేజీ పోయింది. పాలెంలో ఎవరూ బోటు దించలేదు. ముందు రోజు సాయంత్రం వేసిన వల తీసుకొస్తానని గంగులయ్య ఒక్కడే చీకటితో తెప్ప దించాడు. తెప్ప రెండు ముక్కలై మూడు మైళ్ళ అవతల ఒడ్డుకి కొట్టుకొచ్చింది. ఆయన రాలేదు.

శవం లేకుండానే పదకొండో దినం చేశారు. నేనూ పోయాను. పందిరి కింద కూర్చున్న వాళ్ళంతా ఒకటే మాట.

“అందరి ఫోన్లలో ఎర్రగా కనబడతా ఉంటే పోతాడా? తాగి పోయినాడు.”

గంగులయ్య భార్య గడపలో కూర్చుని ఉంది, ముసలమ్మ ఆమె పేరు. ఆ మాట విని తలెత్తింది.

“ఆయన తాగలేదు నాయనా. ఫోన్లో చూసుకునే పోయినాడు. పోవచ్చు అని ఉండాదే అని నాతో అన్నాడు.”

అందరూ నా వైపు చూశారు. చెప్పాల్సింది ఒక్క మాట. నా నోటికి అది రాలేదు. వచ్చిందేమిటంటే:

“నేను ఎర్ర పేజీ పెట్టానమ్మా. అందరూ చూశారు గదా.”

అది అబద్ధం కాదు. అబద్ధం కాకుండా అబద్ధం ఆడటం కూడా నేను ఎవరూ చెప్పకుండా నేర్చుకున్న విద్యే. ఆ రోజు నుంచి పాలెంలో గంగులయ్య పేరు తాగుబోతు గంగులయ్య అయింది. నేను దుకాణానికొచ్చి, ఆ నాలుగు ముక్కలూ తుడిచేసి, పాత పేజీ ఆనవాలు లేకుండా చేసి, టీ తాగాను.

మర్నాడు పొద్దున పది గంటలకి కంప్యూటర్ తెరిచి పట్టీ చూశాను.

బటన్ల ఫోన్ల వరసలో ఒకటి ఉంది. తెల్లారుజామున నాలుగూ నలభైకి. అదే కంపెనీ, అదే రకం.

అట్లాంటి ఫోను ఇంకెవరో కొనుక్కున్నారు అనుకున్నాను. తర్వాత పక్క గడి చూశాను. ఏ పేజీ ఇచ్చామో రాసే గడి అది. అందులో పాత పేజీ ఉంది. నేను తుడిచేసింది. లేని పేజీని నా వెబ్‌సైటు ఎవరికో తీసిచ్చింది.

మూడో రోజు కూడా. నాలుగో రోజు కూడా. అదే వేళకి. ఐదో రోజు నుంచి దుకాణం షట్టర్ ఎత్తగానే వాసన కొట్టడం మొదలైంది. ఎండు చేపలు, డీజిలు, తడిసిన తాడు. పక్క కొట్టు మస్తాన్‌ని పిలిచి వాసన చూడమన్నాను. మస్తాన్ సెల్‌ఫోన్లు బాగుచేస్తాడు. ముక్కు ఎగబీల్చి, “జిరాక్సు పొడి వాసన తప్ప ఏం లేదన్నా” అన్నాడు. నా కీబోర్డు మీద నీటి బొట్లు ఉన్నాయి. తుడిచి, వేలు నాలిక మీద పెట్టుకున్నాను. ఎందుకు పెట్టుకున్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఉప్పు.

అప్పుడు నేను చేయకూడని పని చేశాను. ఆ రకం ఫోను తలుపు తడితే లోపలికి రానీయొద్దని వెబ్‌సైటుకి ఒక వాక్యం రాశాను. చచ్చినవాడి మొహాన తలుపేశానన్న మాట.

మర్నాడు నిద్రలేచి నా ఫోన్లో వార్తలు తెరిచాను. బొమ్మల్లేవు, రంగుల్లేవు. తెల్ల కాగితం మీద నల్లటి ముక్కలు నాలుగు. ఇంకోటి తెరిచాను. అదీ అంతే. బ్యాంకు వాళ్ళది, సినిమా టిక్కెట్లది, రైళ్ళది, ప్రపంచంలో ఉన్న వెబ్‌సైట్లన్నీ నన్ను చూసి నాలుగు ముక్కలే తీసిచ్చాయి. అన్నిటికీ నేను బటన్ల ఫోనులా కనబడుతున్నాను.

ఫోను పాడైందని మస్తాన్‌కిచ్చాను. అతని చేతిలో రంగులొచ్చాయి. నా చేతికి ఇచ్చాడు. రంగులు పోయాయి. మళ్ళీ అతని చేతికి. వచ్చాయి.

“ఇదేందన్నా, నీ చేతిలో ఏమన్నా మహిమ ఉండాదా?” అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, నా చేతుల కేసి చూశాడు. “చేతులు తుడుచుకో ముందు. తడి కారతా ఉంది.”

చొక్కాకి తుడుచుకున్నాను. మళ్ళీ తడే.

ఇంటికి పోయి వాణి ఫోను పట్టుకున్నాను. నా వేలు తగలగానే తెర తెల్లబడింది.

“దేన్ని ముట్టుకుంటే దాన్ని చెడగొడతారు మీరు. పెళ్ళైన కొత్తలో మిక్సీ, ఇప్పుడు ఫోను,” అంది వాణి లాక్కుంటూ.

వెబ్‌సైట్లు గుర్తుపడుతున్నది ఫోన్ని కాదు... నన్ను.

చివరికి బటన్ల ఫోనొకటి కొనుక్కున్నాను. ఇంకేం చేయను? తడి వేళ్ళకి పలికేది అదొక్కటే. వెబ్‌సైట్లు చేసేవాడు బటన్ల ఫోను పట్టుకుని తిరుగుతుంటే వీధిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వు నాకు పైకప్పు లాంటిది. ఎంత కారుతున్నా దాని కిందే నిలబడతాను.

డిసెంబరు మొదటి వారంలో తుఫాను వచ్చింది. వాణి పుట్టింటికి పోయి ఉంది. మధ్యాహ్నం రెండు గంటలకే ఆకాశం బొగ్గులా అయింది. మస్తాన్ షట్టర్ దించుకుని పోయాడు. వీధి మొత్తం దించేశారు. నేను కూడా పోదామని లేచి, చివరిసారి పట్టీ చూశాను.

పాలెం ఫోన్లు వరసగా వస్తున్నాయి. పెద్ద ఫోన్లు. పది... పదిహేను... ఇరవై. మాల్యాద్రి ఫోనుంది. వాళ్ళ అన్నదమ్ములవి ఉన్నాయి. ఒక్కో ఫోనుకీ ఏ పేజీ ఇచ్చామో పక్కనే ఉంది.

పాత పేజీ. పాత పేజీ. పాత పేజీ.

గాలి తక్కువ. అల తక్కువ. వాన లేదు. పోవచ్చు.

మాల్యాద్రికి ఫోన్ చేశాను. కలవలేదు. ఇంకొకరికి, ఇంకొకరికి. కలవలేదు. ఒడ్డున మైకు కూడా లేదు. దించమన్నది నేనే. ఒక్క మనిషిని ముంచి మూడు వారాలుగా నిద్రపోలేదు, ఇప్పుడు పాలెం పాలెమే తెప్పలు దించితే? బైకు తీశాను. నేను ధైర్యవంతుణ్ణి కాను, బల్లిని చూస్తే కుర్చీ ఎక్కుతాను. కానీ ఆ రోజు పోయాను. ఆ ఒక్కటీ నా లెక్కలో వేసుకోండి.

హైవే దాటి, బోగోలు దాటి, రొయ్యల గుంతల మధ్య కట్ట మీద పోతున్నాను. వాన ముళ్ళలా గుచ్చుకుంటోంది. ఉప్పు కాలవ వంతెన ఎక్కేటప్పుడు, అప్పుడు తట్టింది నాకు.

నేను పట్టీ చూసేసరికే దుకాణంలో కరెంటు పోయి గంటన్నర అయింది. నా బ్యాటరీ పది నిమిషాలకి మించి రాదు.

మరి కంప్యూటర్ ఎట్లా వెలిగింది?

వెనక్కి తిరగాల్సింది. తిరగలేదు. ఒకవేళ నిజమైతే అన్న మాట మెడ మీద కూర్చుని ముందుకి తోసింది.

పాలెంలో మనుషుల్లేరు. తలుపులకి తాళాలు. వలలు ఇళ్ళ మీదికి ఎక్కించి కట్టారు. బోట్లన్నీ ఇసక పైకి లాగి సరుగుడు చెట్లకి తాళ్ళేసి బిగించారు. ఒక్కటి కూడా నీళ్ళలో లేదు. లెక్కపెట్టాను. ఖాళీ లేదు. అందరూ ఎప్పుడో తుఫాను షెల్టర్‌కి పోయారు. అందరికీ సరైన పేజీయే పోయింది.

ఆ పట్టీ నాకొక్కడికే తయారైన పేజీ. నేను దేనికి కదులుతానో చూసి, దానికి తగ్గట్టు తీసిచ్చింది.

“మాల్యాద్రన్నా!” అని అరిచాను. గాలి ఆ అరుపుని నా నోట్లోకే తిరిగి కొట్టింది.

బైకు తిప్పబోతుంటే వినబడింది. అంత హోరులోనూ, చెవి పక్కనే.

టిక్... టిక్... టిక్...

బటన్లు నొక్కే చప్పుడు.

సముద్రం వైపు చూశాను. మొదటి అల విరిగే చోటికి అవతల చిన్న వెలుగు. ఫోను తెరంత. ఆకుపచ్చగా, మసగ్గా, మనిషి ఛాతీ ఎత్తులో. అలలు తాటిచెట్టంత లేస్తున్నాయి, పడుతున్నాయి. ఆ వెలుగు మాత్రం లేవడం లేదు, పడడం లేదు. ఒకేచోట నిలబడి ఉంది. ఎండు చేపల వాసన గుప్పుమంది. తర్వాత గొంతు. నెమ్మదిగా... ఒక్కో అక్షరం మీదా వేలు పెట్టినట్టు...

“గా... లి... త... క్కు... వ.”

నా కాళ్ళు కదలలేదు.

“అ... ల... త... క్కు... వ.”

దగ్గరైంది. వెలుగు కదలలేదు గానీ గొంతు దగ్గరైంది.

“వా... న... లే... దు.”

ఆగింది. టిక్. టిక్.

“సారూ... నాలుగో ముక్క తెలీట్లేదు. చదివి పెట్టు.”

నేను చదవకూడదనుకున్నాను. పళ్ళు బిగించాను. నా జేబులో కొత్త బటన్ల ఫోను దానంతటదే వెలిగింది. చేతిలోకి ఎప్పుడు తీసుకున్నానో తెలియదు. తెర మీద ఆ ఒక్క ముక్కే ఉంది.

“పోవచ్చు,” అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

నా కాలు ముందుకి పడింది.

“ఇంకోసారి.”

“పోవచ్చు.”

ఇంకో అడుగు. నీళ్ళు పాదాల మీదికొచ్చాయి. వెచ్చగా ఉన్నాయి. ఆ వానలో, ఆ చలిలో... వెచ్చగా.

“ఇంకోసారి.”

“పోవచ్చు... పోవచ్చు... పోవచ్చు...”

మోకాళ్ళు. నడుము. కాలి కింద ఇసక జారిపోతోంది. నోరు మూసుకుందామంటే నోరు నాది కాదు. ఇప్పుడు వెలుగు వెనకాల ఏదో కనబడుతోంది. తాడు. తాడు వేలాడే మెడ. మెడ పైన నేను చూడలేదు. చూడలేదు, చూడలేదు, కళ్ళు మూసుకున్నాను.

“గంగులయ్యా... రాసింది నేనే. మార్చనిది నేనే. ఆ వరసలో ఉన్న ఒక్కడివీ నువ్వని తెలుసు. నీ తప్పు లేదు. నువ్వు తాగలేదు.”

టిక్ చప్పుడు ఆగింది.

“నాకెందుకు చెప్తావు సారూ? నాకు తెలీదా?”

“అందరికీ చెప్తాను.”

“ఎప్పుడు?”

“ఇప్పుడే. షెల్టర్లో. మైకులో.”

గొంతు నా చెవి లోపల్నుంచి వచ్చింది.

“పో.”

వెలుగు ఆరింది. అంతవరకూ నన్ను వదిలేసి ఆగినట్టున్న అలలన్నీ ఒక్కసారి మీదపడ్డాయి.

బోట్ల తాళ్ళు చూసుకుందామని ట్రాక్టరు మీద వచ్చిన మాల్యాద్రి నన్ను ఇసకలో చూశాడు. కాలర్ పట్టి లేపాడు.

“నీకేమన్నా పిచ్చా పెంచలప్రసాదూ? ఏం పని ఈడ నీకు?”

“మిమ్మల్ని... పోవద్దని చెప్పడానికి...” అన్నాను.

“మేము పన్నెండింటికే పోయినాం గదయ్యా! పొద్దున్నించీ నీ పేజీ ఎర్రగా అరస్తానే ఉండాది.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “మాకోసం ఇంత తుఫానులో వచ్చినావా?”

షెల్టర్లో మూడొందల మంది ఉన్నారు. ఉప్మా ఉడుకుతోంది, పిల్లలు ఏడుస్తున్నారు, లాంతర్లు వెలుగుతున్నాయి. మాల్యాద్రి నన్ను మధ్యలో నిలబెట్టాడు. అధికారులు ఇచ్చిపోయిన చేతి మైకు అందుకుని చెప్పాడు, కావలి నుంచి ప్రాణాలకి తెగించి మనకోసం వచ్చినాడని. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక పెద్దామె నా తలకి దిష్టి తీసి మెటికలు విరిచింది.

“ఇట్టాంటోడి మాట విని ఉంటే ఆ గంగులయ్య బతికి ఉండేవాడు,” అన్నారెవరో. “మందు విననిస్తేనా?”

మాల్యాద్రి మైకు నా చేతికిచ్చాడు.

మూల గోడకి ఆనుకుని ముసలమ్మ కూర్చుని ఉంది. నా వైపే చూస్తోంది. మైకు పట్టుకున్నాను. బొత్తం నొక్కాను. నా ఊపిరి హాలంతా వినబడింది. నలభై ఒక్క ఏళ్ళ జీవితంలో నాకోసం ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఇంటర్ ఫలితాలప్పుడు కొట్టలేదు, పెళ్ళప్పుడు కొట్టలేదు. ఇప్పుడు మూడొందల మంది కొట్టారు. ఇంకా కొడుతున్నారు. నేను నోరు తెరిచి ఆ ఒక్క మాట చెప్తే...

“అందరూ జాగ్రత్తగా ఉండండి,” అన్నాను. “నేను చేసిందేముంది.”

ఇంకా గట్టిగా కొట్టారు.

కాసేపటికి ముసలమ్మ తువ్వాలు తెచ్చి నా చేతిలో పెట్టింది.

“తల తుడుచుకో నాయనా.” గొంతు తగ్గించి అడిగింది, “ఇంకేమన్నా చెప్పాలనుకున్నావా?”

“లేదమ్మా.”

ఆమె తలూపింది. “సరే. అట్నే కానీ.” ఆ మాట నాతో అన్నట్టు లేదు. నా భుజం వెనకాల నిలబడి ఉన్న వాళ్ళెవరితోనో అన్నట్టుంది. తిరిగి చూశాను. గోడ.

తుఫాను పోయింది. చిత్రం ఏమిటంటే, మర్నాటి నుంచి అన్నీ బాగైపోయాయి. నా చేతుల్లో తడి ఆరింది. పెద్ద ఫోను పట్టుకుంటే రంగులొచ్చాయి. బ్యాంకు వాళ్ళు నన్ను మళ్ళీ పేరు పెట్టి పలకరించారు. దుకాణంలో జిరాక్సు పొడి వాసన తప్ప ఇంకేం లేదు. పట్టీలో బటన్ల ఫోన్ల వరస ఖాళీ. చెప్పకపోయినా పరవాలేదన్న మాట, మనిషి మంచివాడు గనక వదిలేశాడు అనుకున్నాను. సంక్రాంతి దాటాక పాలెం పోయి ముసలమ్మకి చాటుగా చెప్దాంలే అనుకున్నాను.

ఒకటో తేదీన వాణీ నేనూ రేషన్ షాపుకి పోయాం. డీలరు కరుణాకుమారి మా వీధి మనిషే. పదేళ్ళుగా ఎరుగుదును. ఆమె కూతురి పెళ్ళి పత్రిక కూడా నా దుకాణంలోనే తయారైంది. వరసలో మా వంతు వచ్చింది. వేలిముద్ర మిషను మీద వేలు పెట్టాను. వెంటనే తీసుకుంది. కీచుమని చీటీ వచ్చింది. కరుణాకుమారి దాన్ని చింపి, చూసి, నా చేతికిచ్చింది.

“ఇదిగో గంగులయ్యా. బియ్యం ఆ పక్కన పట్టించుకో.”

చీటీ మీద కూడా అదే పేరు అచ్చైంది.

“అది నా పేరు కాదక్కా,” అన్నాను.

కరుణాకుమారి తలెత్తి నన్ను నిండుగా చూసింది. పదేళ్ళుగా చూస్తున్న మొహాన్ని చూసినట్టే చూసింది. నవ్వింది.

“ఏంది గంగులయ్యా, పొద్దున్నే తాగినావా?”

వరసలో ఉన్న వాళ్ళంతా నవ్వారు. సంచి నోరు తెరిచి పట్టుకుని నిలబడ్డ వాణి కూడా నవ్వింది.